ఆవకాయ సీసాకు అట్టపెట్టె: మొదటి గీత నుంచి డై దాకా

ఇంట్లో అయిపోయిన టూత్‌పేస్ట్ పెట్టె ఒకటి తీసుకోండి. పొడవాటి అంచున జిగురు అంటించిన చోట వేలిగోరు దూర్చి, చిరగకుండా మెల్లగా విప్పి బల్ల మీద పరవండి. స్టీలు స్కేలు పెట్టి నాలుగు పలకలూ కొలవండి. జిగురు పట్టీ ఒక చివర ఉంటుంది కదా, దానికి ఎదురు చివరనున్న పలక మిగతావాటి లెక్క కంటే అర మిల్లీమీటరు దాకా తక్కువ ఉంటుంది. పక్క పలకల మీదున్న చిన్న చెవుల మడత గీత, మూత మడత గీత కంటే ఓ వెంట్రుకవాసి కిందికి ఉంటుంది. మూత వెడల్పు కూడా పెట్టె వెడల్పు కంటే కాస్త తక్కువే.

ఇవేవీ పొరపాట్లు కావు. అట్టకు మందం ఉంది కాబట్టి, ఒక పొర ఇంకో పొర లోపల దూరాలి కాబట్టి, ఎవరో లెక్కపెట్టి తగ్గించారు. కొత్తగా నేర్చుకునేవాళ్లు అట్టను కాగితం మీద గీతలాగే మందం లేనిదిగా గీస్తారు. రెండో సంగతి, అట్టకు వాటం ఉంటుంది. మిల్లులో పీచు ఒకవైపుకు సాగి పడుకుంటుంది, ఆ వైపు బిగువు, అడ్డంగా మెత్తన. మందం, వాటం, ఈ రెంటినీ మరిచిన చోటే పెట్టెలు చెడతాయి. కింద చెప్పే ప్రతి కొలతలోనూ ఈ రెండే కనిపిస్తాయి.

నేర్చుకోవడానికి ఒక కష్టమైన సరుకే తీసుకుందాం: అర కిలో ఆవకాయ పట్టే గాజు సీసా. వ్యాసం 80 మి.మీ., మూతతో కలిపి ఎత్తు 110 మి.మీ., నిండితే బరువు సుమారు 750 గ్రాములు. బరువైనది, పగిలేది, నూనె కారేది. పైగా ఎండాకాలంలో పెట్టిన పచ్చడి వానాకాలమంతా ఊళ్లు తిరుగుతుంది. దీనికి ముందు విడిపెట్టె, ఆపైన పన్నెండు సీసాలు పట్టే పెద్దపెట్టె చేద్దాం.

ఏ అట్ట

దుకాణంలో అట్టను జీఎస్ఎమ్‌తో అడుగుతారు. అది చదరపు మీటరు అట్ట ఎన్ని గ్రాములు తూగుతుందో చెబుతుంది, మందం చెప్పదు. మనకు కావలసింది రెండూ.

డ్యూప్లెక్స్ బోర్డు: పైన తెల్లటి పూత, లోపల పాత కాగితం గుజ్జు. వెనక బూడిదరంగు ఉంటే గ్రే బ్యాక్, తెలుపు ఉంటే వైట్ బ్యాక్. చవక, ఎక్కడైనా దొరుకుతుంది. ఎఫ్‌బీబీ అనే బోర్డులో నడిమి పొర ఉబ్బుగా ఉండే మెకానికల్ గుజ్జు, అందుకే అదే జీఎస్ఎమ్‌లో డ్యూప్లెక్స్ కంటే మందంగా, బిగువుగా ఉంటుంది. ఎస్‌బీఎస్ పూర్తిగా తెల్లబరచిన కొత్త గుజ్జు. అందంగా ఉంటుంది, ఖరీదెక్కువ.

మన సీసాకు 350 జీఎస్ఎమ్ డ్యూప్లెక్స్ చాలు. మందం 0.45 మి.మీ. దగ్గరగా ఉంటుంది, కానీ నమ్మకండి, కొలవండి. స్క్రూ గేజ్ లేకపోతే పది ముక్కలు పేర్చి వెర్నియర్‌తో కొలిచి పదితో భాగించండి. ఈసారి కొన్న కట్టకూ పోయినసారి కట్టకూ తేడా వస్తుంది. కట్ట మారినప్పుడల్లా కొలవాలి.

మిఠాయిలు, పూతరేకుల్లాంటివి పెట్టేటప్పుడు ఒక జాగ్రత్త ఉంది. పాత కాగితం గుజ్జుతో చేసిన గ్రే బ్యాక్ తినే వస్తువుకు నేరుగా తగలకూడదు, మధ్యలో తిండికి పనికొచ్చే పొర ఒకటి ఉండాలి. ఆహార భద్రతా సంస్థ 2018 ప్యాకేజింగ్ నిబంధనల ప్రకారం వార్తాపత్రికల్లో తిండి చుట్టడమే నిషేధం. మన పచ్చడి గాజులో ఉంది కాబట్టి ఆ బెంగ లేదు.

వాటం చూడటం

అట్టలోంచి 15 మి.మీ. వెడల్పు, 150 మి.మీ. పొడవున్న రెండు పట్టీలు కోయండి, ఒకటి నిలువుగా, ఒకటి అడ్డంగా. రెంటినీ ఒకదాని మీద ఒకటి పెట్టి ఒక చివర పట్టుకోండి. తర్వాత కిందది పైకి, పైది కిందికి మార్చి మళ్లీ చూడండి. ఒక అమరికలో రెండూ అతుక్కునే వంగుతాయి, ఇంకో అమరికలో కింద ఉన్నది విడిపోయి జారుతుంది. అలా జారినది వాటానికి అడ్డంగా కోసిన పట్టీ.

ఇంకో పద్ధతి తడి. చిన్న చదరపు ముక్క కోసి పూత లేని వైపు తడిగుడ్డతో తుడవండి. నిమిషంలో గొట్టంలా చుట్టుకుంటుంది. ఆ గొట్టం పొడవు ఎటు ఉందో పీచు అటే ఉంది. తడికి పీచు లావెక్కుతుంది గానీ పొడవు పెద్దగా పెరగదు, అందుకే అలా చుట్టుకుంటుంది.

నిలువుపాటి పెట్టెలో వాటం పెట్టె చుట్టూ తిరగాలి, అంటే నిలువు మడతలకు అడ్డంగా. తిరగేసి వేస్తే పలకలు పొట్టలు వేస్తాయి. అరలో నెల రోజులున్న పెట్టె ముందువైపు ఉబ్బి కనబడితే, పది సార్లలో తొమ్మిది సార్లు షీటు అడ్డం తిరిగి అచ్చయిందనే అర్థం. అయితే వాటానికి అడ్డంగా మడిచినప్పుడు పైపూత పగిలే గుణం ఎక్కువ. దానికి మందు, మడత గీతను సరిగ్గా నొక్కడం. ఆ సంగతి ముందుంది.

సామాను

సన్నబ్లేడు కట్టర్, 300 మి.మీ. స్టీలు స్కేలు, మూలమట్టం, కోత మ్యాట్, రీఫిల్ అయిపోయిన బాల్‌పెన్ను, తెల్ల జిగురు, పది బట్టల క్లిప్పులు. ఏ3 సైజు అట్టలు ఓ పాతిక ఉంచుకోండి. మొదటి పది పాడవుతాయి. అవి పారేయకండి, ప్రతి దాని మీదా తేదీ, కొలతలు, ఎక్కడ చెడిందో రాసి దాచండి.

మ్యాట్ పక్కన ఓ మందపాటి అట్టముక్క కూడా పెట్టుకోండి. మడత గీత నొక్కేటప్పుడు కింద కాస్త దిగే వస్తువు ఉండాలి. గట్టి బల్ల మీద నొక్కితే గీత పడదు, అట్ట చితుకుతుంది.

విడిపెట్టె గీయడం

కొలతలు ఎప్పుడూ లోపలి నుంచి బయటికి పోవాలి. ముందు సీసా, తర్వాత సందు, తర్వాత మందం.

1. సీసా 80. మొత్తం ఒక మి.మీ. సందు వదిలితే లోపలి కొలత 81 × 81. గాజు సీసాలన్నీ ఒకే వ్యాసంలో రావు కాబట్టి ఓ ఇరవై సీసాలు కొలిచి, అన్నిటికంటే లావుదాన్ని లెక్కలోకి తీసుకోండి.

2. మడత గీత నుంచి మడత గీతకు దూరం = లోపలి కొలత + ఒక మందం. 81 + 0.45, సర్దితే 81.5.

3. ఎడమ నుంచి వరసగా గీయండి: జిగురు పట్టీ 15, వెనక పలక 81.5, పక్క పలక 81.5, ముందు పలక 81.5, చివరి పక్క పలక 81. చివరిది అర మి.మీ. తగ్గకపోతే అంటించాక దాని అంచు మూలలోంచి బయటికి పొడుచుకొస్తుంది. మొత్తం వెడల్పు 340.5.

4. ఎత్తు: సీసా 110, సందు 1, పైనా కిందా కలిసి పడే పొరలకు నాలుగు మందాలు అంటే 1.8. మొత్తం 112.8, సర్దితే 113.

5. మూత వెనక పలక మీద. లోతు 81, వెడల్పు 80.5, రెండు పక్కలా అర మి.మీ. లోపలికి. దాని చివర 18 మి.మీ. దోపుడు రెక్క, మూలలు 9 మి.మీ. వ్యాసార్ధంతో గుండ్రంగా. గుండ్రం చేయకపోతే మూత పెట్టిన ప్రతిసారీ మూల తగిలి చితుకుతుంది.

6. చెవులు రెండు, పక్క పలకల పైన. పొడవు 38. పెట్టె వెడల్పులో సగం దాటితే అవి ఒకదాని మీద ఒకటెక్కి మూత ఎగదన్నుతుంది. చెవుల మడత గీత మూత గీతకంటే 0.5 మి.మీ. కిందికి. మూత వాటి పైన కూర్చోవాలి కదా.

7. మూతకూ దోపుడు రెక్కకూ మధ్య మడత గీతలో, రెండు చివరలా 7 మి.మీ. మేర మడత బదులు కోత పెట్టండి. మూత దోపినప్పుడు చెవుల అంచు ఆ కోతలోకి దిగి పట్టుకుంటుంది. కవరులో పెట్టి ఊపినా మూత తెరుచుకోదు.

8. జిగురు పట్టీ పైనా కిందా అంచుల్ని ఏటవాలుగా, 15 డిగ్రీల మేర, కోసేయండి. లేదంటే అది మూత దారిలోకి వస్తుంది.

మడత గీత నొక్కడం

ఇక్కడ చాలామంది తలకిందులుగా చేస్తారు. గీత నొక్కగానే పడిన గాడిలోకే అట్టను మడుస్తారు. విడిపెట్టె అట్టలో అది తప్పు. నొక్కేది బయటివైపు, అంటే అచ్చు వచ్చేవైపు. నొక్కగానే లోపలివైపు పొలంగట్టులా సన్నటి కట్ట లేస్తుంది. మడత ఆ కట్ట వైపుకు పోవాలి, గాడి బయటే ఉండాలి.

కారణం అట్ట లోపలే ఉంది. అట్ట ఒకే ముద్ద కాదు, పొరలు. గీత నొక్కినప్పుడు ఆ పొరల మధ్య అతుకు విడిపోతుంది. మడిచినప్పుడు లోపలి పొరలు కట్టగా ఉబ్బి తప్పుకుంటాయి, బయటి పొర మీద లాగుడు తగ్గుతుంది, పూత పగలదు. పొరలు విడకపోతే బయటి పొర సాగాలి. అది సాగదు, తెల్లగా పగులుతుంది.

ఖాళీ పెన్నుతో స్కేలు ఆనించి ఒకే బరువుతో మూడుసార్లు లాగండి. వేలితో లోపలివైపు తడిమితే కట్ట పొడుగునా ఒకేలా తగలాలి. తర్వాత 90 డిగ్రీలు మడిచి చూడండి, ఆపైన 180. పగుళ్లుంటే నొక్కుడు చాల్లేదు. గీత చినిగితే మరీ ఎక్కువైంది. బ్లేడుతో పైన సగం గీరి మడవడం మాత్రం ఎప్పుడూ వద్దు. చూడ్డానికి మడత కత్తిలా వస్తుంది, కానీ నాలుగుసార్లు తెరిచి మూస్తే మూత చేతికొస్తుంది.

అడుగు

ముందు అడుగుకు కూడా పైన మూతలాంటిదే పెట్టి ఒక పెట్టె చేసి చూడండి. సీసాలో పచ్చడికి బదులు ఇసుక నింపి పెట్టెలో పెట్టి, పెట్టెను పైభాగం దగ్గర పట్టుకుని పైకెత్తి ఒక్కసారి ఊపండి. అడుగు తెరుచుకుంటుంది. దోపుడు మూత ఒరిపిడి మీదే నిలుస్తుంది. సబ్బుకీ మాత్రలకీ సరిపోతుంది గానీ ముప్పావు కిలో గాజుకు సరిపోదు. ఈ ఓటమి చేతికి తెలిస్తేనే లాక్ అడుగు ఎందుకో మనసుకెక్కుతుంది.

లాక్ అడుగుకు నాలుగు పలకల కిందా నాలుగు రెక్కలు. మన పెట్టెకు కొలతలివి:

వెనక రెక్క పొడవు 52. దాని చివర మధ్యలో 42 వెడల్పు, 11.5 లోతున్న గుంట కోయండి. అప్పుడు గుంట అడుగు పెట్టె సగం దగ్గర, అంటే 40.5 వద్ద ఉంటుంది, రెండు పక్కలా రెండు కొమ్ములు మిగులుతాయి.

పక్క రెక్కలు ఒక్కొక్కటి 40 పొడవు. అయితే ముందు పలక వైపున్న సగం మాత్రమే పూర్తి పొడవు. వెనక పలక వైపున్న సగాన్ని లోపలికి తగ్గించి, 20 మి.మీ. దాటకుండా ఏటవాలుగా కోసేయండి. కుడి రెక్క, ఎడమ రెక్క అద్దంలో బింబాల్లా ఉండాలి. ఒకేలా గీస్తే ఒకటి తిరగబడుతుంది, అందరూ మొదటిసారి చేసే తప్పు ఇదే.

ముందు రెక్క భుజాల దాకా 40, మధ్యలో 40 వెడల్పు నాలుక ఇంకో 14. మొత్తం పొడవు 54. నాలుక కొసలు గుండ్రంగా. గుంట 42, నాలుక 40: ఆ రెండు మిల్లీమీటర్లే చేతి పని చేసేవాళ్ల వేగం. సందు తగ్గిస్తే రోజుకు వెయ్యి పెట్టెలు మూసేవాళ్ల వేళ్లు నొప్పెడతాయి, నాలుకలు మడతపడతాయి.

మూసే వరస: ముందు వెనక రెక్క, తర్వాత పక్క రెక్కలు రెండూ, చివర ముందు రెక్క. సగం గీత దగ్గర నాలుకను వేలితో లోపలికి నొక్కితే, గుంట అంచు మీదుగా దూరి ‘టప్’మని కూర్చుంటుంది. వెనక రెక్క కొమ్ములు పక్క రెక్కల మీద, పక్క రెక్కలు ముందు రెక్క మీద, ముందు రెక్క నాలుక తిరిగి వెనక రెక్క మీద ఆనతాయి. ఒకదాన్ని ఒకటి మోసుకుంటాయి. ఇసుక సీసాతో మళ్లీ ఊపండి.

అడుగు మధ్యలో కిందికి జారినట్టుంటే నాలుక పొట్టిది, 3 మి.మీ. పెంచండి. పెట్టె నలుచదరంగా నిలబడకుండా వజ్రం ఆకారంలో ఒరిగితే జిగురు పట్టీ వంకరగా అంటింది. నేల మీద ఊగితే వెనక రెక్క మడత గీత పక్కవాటితో ఒకే వరసలో ఉందన్నమాట. అది అన్నిటికంటే లోపలుండే పొర, గీతను అర మి.మీ. పైకి జరపండి.

జిగురు విషయం చిన్నదే. పట్టీకి పలుచగా రాసి, క్లిప్పులు పెట్టి పావుగంట ఉంచాలి. ఆరాక విప్పదీస్తే అట్ట పీచు చిరిగి రావాలి. శుభ్రంగా ఊడొస్తే అక్కడ వార్నిష్ ఉందో, జిగురు ముందే ఆరిందో చూడండి.

షీటులో సర్దడం

విప్పి పరిస్తే మన పెట్టె వెడల్పు 340.5. ఎత్తు 18 + 81 + 113 + 54, మొత్తం 266. ఏ3లో ఒకటి పడుతుంది. అచ్చుకు వెళ్లేటప్పుడు అసలు డబ్బు ఇక్కడే మిగులుతుంది, లేదా పోతుంది.

23 × 36 అంగుళాల షీటు 584 × 914 మి.మీ. దాంట్లో పొడవున రెండు, వెడల్పున రెండు, నాలుగు పెట్టెలు. 22 × 28 షీటు 559 × 711 మి.మీ. అందులోనూ నాలుగే పడతాయి, 681 × 532 పోగా మెషీను పట్టుకోవడానికి అంచు కూడా మిగులుతుంది. 350 జీఎస్ఎమ్‌లో మొదటి షీటు సుమారు 187 గ్రాములు, రెండోది 139. వెయ్యి పెట్టెలకు 250 షీట్లు కాబట్టి 46.7 కిలోల బదులు 34.8 కిలోలు. అట్ట కిలోల లెక్కన కొంటాం. ఒక్క సైజు మార్పుతో నాలుగో వంతు అట్ట మిగిలింది.

షరతు ఒకటే, వాటం 28 అంగుళాల వైపు ఉన్న షీటే అడగాలి. చవగ్గా వస్తుందని షీటులో పెట్టెల్ని అడ్డం తిప్పి సర్దే అలవాటు ప్రెస్సుల్లో ఉంది. ఆర్డరు కాగితం మీద వాటం దిక్కు బాణం గీసి ఇవ్వండి.

పన్నెండు సీసాల పెద్దపెట్టె

దీనికి ముడతల అట్ట కావాలి. రెండు చదునైన కాగితాల మధ్య ఒక ముడత కాగితం ఉంటే 3 ప్లై, రెండు ముడతలుంటే 5 ప్లై. ముడత సైజును ఫ్లూట్ అంటారు. ‘ఏ’ ఫ్లూట్ ఐదు మి.మీ. దగ్గర, ‘సీ’ నాలుగు, ‘బీ’ మూడు, ‘ఈ’ ఒకటిన్నర. అక్షరాల వరసకూ సైజు వరసకూ పొంతన ఉండదు, కనుగొన్న క్రమంలో పేర్లు పడ్డాయి.

మామూలుగా మనం చూసే పెట్టె, పైనా కిందా నాలుగేసి రెక్కలు, టేపు వేసి మూసేది, ప్రపంచమంతా వాడే ఫెఫ్కో అనే పెట్టెల రకాల పట్టికలో 0201. ఆ నంబరు చెబితే ఏ పెట్టెల ఫ్యాక్టరీలోనైనా బొమ్మ గీయక్కర్లేదు. ఆన్‌లైన్ సరుకు వచ్చే, మూత వెనక్కి తెరుచుకుని చెవులు పక్కల్లోకి దూరే పెట్టె 0427.

ముందు సీసాల అమరిక తేల్చండి. విడిపెట్టెను బయట 83 × 83 × 114గా లెక్కేసుకుందాం, కాస్త ఉబ్బు కలిపి. పన్నెండూ ఒకే అంతస్తులో 4 × 3గా పేరిస్తే లోపల 335 × 252 × 116. రెండు అంతస్తులుగా 3 × 2 చొప్పున పేరిస్తే 252 × 168 × 231.

బీ ఫ్లూట్ 3 ప్లై, మందం 3 మి.మీ. ప్రతి పలకకూ ఒక మందం కలపాలి, ఎత్తుకు రెండు మందాలు, రెక్కకు పెట్టె వెడల్పులో సగం, దానికి తోడు అట్ట మందంలో సగం. చివరి పలక 2 మి.మీ. తక్కువ. రెండో అమరికకు: పట్టీ 35, ఆపైన 255, 171, 255, 169. మొత్తం 885. ఎత్తు 237, రెక్కలు పైనా కిందా 85.5 చొప్పున 171. మొత్తం 408. అట్ట 0.36 చదరపు మీటర్లు. మొదటి అమరికకు ఇదే లెక్క వేస్తే 1219 × 377, అంటే 0.46. అవే పన్నెండు సీసాలు, ఐదో వంతు అట్ట తేడా. వెడల్పాటి పెట్టెలో రెక్కలు పెద్దవై అట్టను తినేస్తాయి. పొడవు, వెడల్పు, ఎత్తు 2:1:2 నిష్పత్తికి దగ్గరపడేకొద్దీ 0201 పెట్టెకు అట్ట తక్కువ పడుతుంది.

ముడతలు నిలువుగా నిలబడాలి, స్తంభాల్లాగా. రెక్కల మధ్య కోతలు 6 మి.మీ. వెడల్పుండాలి, సన్నగా పెడితే రెక్కలు ఒరుసుకుని మూలలు చినుగుతాయి. చేత్తో చేసేటప్పుడు గీతను లోపలివైపు నొక్కి అటే మడవండి. విడిపెట్టె అట్ట పద్ధతికి ఇది తలకిందులు: ఇక్కడ ముడతను నలిపి చోటు చేయాలి. రెండు అంతస్తుల మధ్య ఒక 3 ప్లై పలక పరచడం మరవద్దు.

ఎంత బరువు మోస్తుంది

మార్కెట్లో పెట్టెను “5 ప్లై, 150 జీఎస్ఎమ్, 20 బీఎఫ్” అని అమ్ముతారు. బీఎఫ్ అంటే బర్స్టింగ్ ఫ్యాక్టర్. జీఎస్ఎమ్‌తో గుణించి వెయ్యితో భాగిస్తే, కాగితం ఎన్ని కిలోల ఒత్తిడికి చదరపు సెంటీమీటరుకు పగులుతుందో వస్తుంది. 150 జీఎస్ఎమ్ 20 బీఎఫ్ అంటే 3 కిలోలు. లోపలి వస్తువు పొడిస్తే తట్టుకునే శక్తి ఇది. గోడౌన్లో ఒకదానిపై ఒకటి పేర్చినప్పుడు పెట్టెను నిలబెట్టేది ఇది కాదు. దానికి ఈసీటీ కావాలి: అట్టముక్కను అంచు మీద నిలబెట్టి నొక్కితే ఎంతకు నలుగుతుందో చెప్పే కొలత. సరఫరాదారుడిని ఈసీటీ అడగండి. చెప్పలేకపోతే, చెప్పగలిగినవాడి దగ్గరికి వెళ్లండి.

1963లో మెకీ, ఆయన తోటివాళ్లు ఇచ్చిన సూత్రం ఇప్పటికీ వాడుకలో ఉంది. పెట్టె మోసే బరువు = 5.87 × ఈసీటీ × (చుట్టుకొలత × మందం)కి వర్గమూలం. చుట్టుకొలత, మందం మి.మీ.లో, ఈసీటీ మి.మీ.కి న్యూటన్లలో ఉంటే జవాబు న్యూటన్లలో వస్తుంది. చుట్టుకొలత ఎత్తుకు ఏడు రెట్లు దాటని పెట్టెలకే ఇది నప్పుతుంది.

మన పెట్టె చుట్టుకొలత 840. 3 ప్లై, మందం 3, ఈసీటీ 4 అనుకుంటే: 840 × 3 = 2520, వర్గమూలం 50.2. గుణిస్తే 1179 న్యూటన్లు, సుమారు 120 కిలోలు. అయితే అంత బరువు పెట్టకూడదు. నెలల తరబడి నిల్వ, తేమ, వంకర పేర్పు, ఇవన్నీ కలిపి నాలుగో వంతే లెక్కలోకి తీసుకోండి, 30 కిలోలు. నిండిన పెట్టె సుమారు 9.6 కిలోలు కాబట్టి పైన మూడే. మొత్తం నాలుగు వరసలు, మీటరు ఎత్తు.

5 ప్లై, మందం 6, ఈసీటీ 8 అయితే 3334 న్యూటన్లు, 340 కిలోలు. నాలుగో వంతు 85. పైన ఎనిమిది పెట్టొచ్చు. కానీ మందం రెట్టింపయింది కాబట్టి పలకల, రెక్కల లెక్కంతా తిరిగి వేయాలి. 3 ప్లై బొమ్మనే 5 ప్లైలో కొట్టించి సీసాలు పట్టక తిప్పలు పడటం ఈ పనిలో సర్వసాధారణం.

తేమ గురించి మొహమాటం లేకుండా చెప్పాలి. గాలిలో తేమ బాగా పెరిగితే ముడతల అట్ట బలం సగానికి పడిపోగలదు. జులైలో కాకినాడ గోడౌను, మేలో హైదరాబాదు గోడౌను ఒకటి కావు. ఒకే పెట్టె రెండు చోట్లకూ వెళ్లాలంటే లెక్క కాకినాడకే వేయాలి. పెట్టెలు నేల మీద కాకుండా చెక్కల మీద, గోడకు జానెడు దూరంలో పేర్చాలి. ఒక పెట్టె మూల మీద ఇంకోదాని మూల సరిగ్గా రావాలి, ఎందుకంటే బరువులో ఎక్కువ భాగం మోసేవి మూలలే. ఇటుకల్లా ఎడంగా పేరిస్తే వరస కదలదు గానీ పెట్టెలు త్వరగా నలుగుతాయి.

పడేసి చూడటం

సీసాల్లో పచ్చడి బరువుకు సరిపడా నీళ్లో ఇసుకో నింపి, పెట్టెకు అసలు వాడే టేపే వేసి మూయండి. రవాణా పరీక్షల్లో వాడే వరస ఇది: ముందు ఒక మూల మీద, తర్వాత ఆ మూలలో కలిసే మూడు అంచుల మీద, తర్వాత ఆరు ముఖాల మీద. మొత్తం పది. 9.5 కిలోల లోపు పెట్టెకు ఎత్తు 760 మి.మీ., దాటితే 610. మనది సరిహద్దులో ఉంది, 760 నుంచే వదలండి.

పదీ అయ్యాక గానీ తెరవకండి. ఏ మూలలో పగిలిందో, ఏ అంతస్తులో పగిలిందో రాయండి. కింది అంతస్తు మూలలో పగిలితే అడుగు పలక ఒకటి చేర్చాలి. పక్కపక్క సీసాలు రెండూ పగిలితే విడిపెట్టెలో సందు ఎక్కువై సీసా లోపల పరుగెత్తుతోంది. అప్పుడు ఇంకా మెత్తలు కుక్కడం కాదు, సందు తగ్గించాలి. మూతలు నూనె వదిలితే అట్ట తప్పు కాదు, మూత బిగింపు చూడండి.

ఇంట్లో పరీక్షలు నెగ్గాక ఆర్డరు పెద్దదైతే ల్యాబులో నొక్కించి చూడటం మేలు. 1966లో ముంబయిలో మొదలైన ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్యాకేజింగ్‌కు హైదరాబాదులోనూ కేంద్రం ఉంది. ఈ విద్యను పద్ధతిగా చదవాలనుకునేవాళ్లు అక్కడి కోర్సులు చూడొచ్చు.

డైకి ఇవ్వడం

1879 ప్రాంతంలో న్యూయార్క్‌లో రాబర్ట్ గైర్ అనే సంచుల వ్యాపారి ప్రెస్సులో, మడత వేయాల్సిన ఇనుప పట్టీ ఒకటి జారి కాగితాన్ని కోసేసింది. అయితే ఒకే దెబ్బలో కోతా మడతా రెండూ చేయొచ్చు కదా అని ఆయనకు తట్టింది. నేటి డై అదే: ప్లైవుడ్ పలకలో కోసే పట్టీలు, నొక్కే పట్టీలు కలిపి బిగిస్తారు.

ఇంక్‌స్కేప్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్లో కోత ఒక రంగులో, మడత ఇంకో రంగులో, వేర్వేరు లేయర్లలో గీయండి. రెండు పలకల ఉమ్మడి గీతను రెండుసార్లు గీయకండి, డై మేకర్ అక్కడ రెండు పట్టీలు దూర్చలేడు. అచ్చు రంగు కోత గీత దాటి 3 మి.మీ. బయటికి పోవాలి. జిగురు పట్టీ మీద రంగూ వార్నిషూ ఉండకూడదు. పక్కన సరిగ్గా 100 మి.మీ. గీత ఒకటి గీసిపెట్టండి. ప్రింటు తీసి దాన్ని కొలిస్తే ఫైలు సైజు మారిందో లేదో వెంటనే తెలుస్తుంది.

డై మేకర్‌కు అట్ట మందం చెప్పాలి. కోసే పట్టీ ఎత్తు 23.8 మి.మీ. అయితే నొక్కే పట్టీ అట్ట మందం అంత తక్కువ, మన అట్టకు 23.3. కింద గాడి వెడల్పు మందానికి ఒకటిన్నర రెట్లు, దానికి పట్టీ మందం కలపాలి: 0.45 × 1.5 + 0.7, దగ్గర దగ్గర 1.4 మి.మీ. గాడి వెడల్పయితే మడత అటూ ఇటూ తిరిగి పెట్టె వంకర పోతుంది, ఇరుకైతే పూత పగులుతుంది.

మొదటి ఇరవై షీట్లు కొట్టగానే మెషీను ఆపించండి. అట్ట వాటం చూడండి, మడత లోపలి కట్టను వేలితో తడమండి, ఒక పెట్టె కట్టి నిండు సీసా పెట్టి మూత వేసి ఊపండి. అప్పుడే మిగతా షీట్లకు సరేననండి. సరిచూసిన ఆ పెట్టె మీద సంతకం, తేదీ వేసి ఒకటి ప్రెస్సులో, ఒకటి మీ దగ్గర ఉంచండి. మళ్లీ ఆర్డరు పెట్టినప్పుడు కొత్త కట్ట అట్ట మందం కొలిచి, ఈ పెట్టె పక్కన పెట్టి చూసుకోవాలి.